చెరువును చదువుదాం – 3వ పాఠం: నీళ్ల రంగు, తెల్లవారుజాము ఊపిరి

రెండో పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీ చెరువులోకి నీళ్లు ఎక్కడెక్కడినుంచి వస్తున్నాయో చుట్టూ నడిచి చూసి, చేత్తో గీసిన పటం మీద గుర్తు పెట్టమన్నాను. చేసినవాళ్ల పటాల్లో రెండు రకాల గీతలు వచ్చి ఉంటాయి. వానొస్తేనే పారే వాగులు, వంకలు, పైచెరువు మత్తడి దూకితే వచ్చే కాలువ ఒక రకం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా సన్నగా, నల్లగా పారుతూ వచ్చే ఇళ్ల మురుగు రెండో రకం. మొదటి రకం గీతలు ఎన్నైనా ఉండొచ్చు. రెండో రకం గీత ఒక్కటి చాలు, చెరువు కథ మారిపోతుంది. ఈ పాఠం ఆ గీత గురించే.

(మత్తడి అంటే కొందరికి అర్థం కాలేదట. చెరువు నిండాక మిగులు నీరు బయటికి పోయే చోటు. కొన్నిచోట్ల అలుగు అంటారు, సీమలో మరువ అంటారు. మీ ఊళ్లో ఏమంటే అదే రాసుకోండి.)

పోరుమామిళ్ళ శాసనం సంగతి మొదటి పాఠంలో చెప్పుకున్నాం. కడప జిల్లాలో విజయనగర యువరాజు భాస్కరుడు తవ్వించిన చెరువు దగ్గర 1369లో వేయించిన శాసనం అది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెప్పిన ఆ శాసనంలో మురుగు మాట లేదు. కట్ట కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేర మీద ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై భూమి చాలకపోవడం: ఈ ఆరే. ఏడో దోషం రాయాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. మనకొచ్చింది.

ఆ ఏడో దోషాన్ని కళ్లతో, ఒక పళ్లెంతో, ఒక తాడుతో పట్టుకోవడమే ఈ పాఠంలో నేర్చుకునే విద్య.

ముందు రంగు

చెరువు దగ్గరికి వెళ్లగానే "నీళ్లు మురికిగా ఉన్నాయి" అని రాయకండి. మురికి అనేది రంగు కాదు, తీర్పు. ఏ రంగో రాయండి.

తొలకరి తర్వాత ఎర్రగా, గోధుమరంగులో ఉంటే అది మట్టి. కంగారు లేదు, కొన్ని వారాల్లో తేరుకుంటుంది. టీ డికాక్షన్ రంగయితే ఒడ్డున చెట్ల ఆకులు నానుతున్నాయి. లేత పెసర రంగయితే కంటికి కనిపించనంత సన్న పాచి నీళ్లంతా కలిసి ఉంది. కొద్దిగా ఉంటే అదే చేపపిల్లలకు తిండి. ఎవరో డబ్బాతో పెయింట్ ఒలకబోసినట్టు చిక్కటి నీలాకుపచ్చ తెట్టు ఒడ్డుకు చేరి ఉంటే మాత్రం జాగ్రత్త. అది నీలి ఆకుపచ్చ పాచి. అందులో కొన్ని రకాలు విషం పుట్టిస్తాయి. ఆ తెట్టు ఉన్నన్నాళ్లు పశువులను అటువైపు నీళ్లకు తోలొద్దని ఊళ్లో చెప్పండి.

పొద్దున ఆకుపచ్చగా ఉండి ఎండ ముదిరేసరికి ఎర్రటి పొరగా మారే తెట్టు ఒకటుంది. చేపల చెరువులవాళ్లకు బాగా తెలుసు. యూగ్లీనా అనే సూక్ష్మజీవి అది. ఎండ తీక్ష్ణత నుంచి కాపాడుకోవడానికి ఎర్ర రంగును పైకి తెచ్చుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ పచ్చబడుతుంది. చెరువులో రక్తం కలిసిందని పుకారు పుడితే ముందు దీన్ని అనుమానించండి.

మట్టా, పాచా అని సందేహమొస్తే గాజుగ్లాసులో నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. మట్టి చాలావరకు అడుగుకు దిగుతుంది. నీలి ఆకుపచ్చ పాచి పైకి తేలి వలయం కడుతుంది. ఇంకో చిట్కా: తెట్టులోకి ఎండుపుల్ల ముంచి తీయండి. జుట్టులా పోగులు పోగులుగా వేలాడితే మామూలు నాచు. రంగు పూసినట్టు పుల్లకు అంటుకుంటే పైన చెప్పిన పెయింట్ రకం. చేత్తో ముంచొద్దు, పుల్లతోనే చూడండి.

పళ్లెం, తాడు

రంగు చూడడంలో మనిషికీ మనిషికీ తేడా వస్తుంది. కొలత కావాలి. 1865లో ఇటలీకి చెందిన ఆంజెలో సెకీ అనే మతగురువు, ఖగోళ శాస్త్రజ్ఞుడు, పోపు గారి ఓడ మీద నుంచి ఒక తెల్ల పళ్లేన్ని సముద్రంలోకి దించి, అది ఎంత లోతులో కనుమరుగవుతుందో కొలిచాడు. ఇప్పటికీ ప్రపంచమంతా సరస్సులకు వాడేది అదే పద్ధతి. ఖర్చు దాదాపు లేదు.

20 సెంటీమీటర్ల వెడల్పున్న పాత స్టీలు పళ్లెం తీసుకోండి. ప్లాస్టిక్ పళ్లెం వద్దు. నేను మొదట ప్లాస్టిక్‌దే దించాను, అది ముక్కోటి నాటి తెప్పలా తేలుతూ కూర్చుంది, కట్ట మీద పిల్లలకు మంచి కాలక్షేపమైంది. పళ్లేన్ని నాలుగు భాగాలుగా గీసి, ఎదురెదురు భాగాలకు నలుపు, మిగతా రెండింటికి తెలుపు పెయింట్ వేయండి. నడుమ రంధ్రం చేసి నైలాన్ తాడు కట్టండి, అడుగున చిన్న రాయి వేలాడదీయండి. పళ్లెం దగ్గర్నుంచి ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక ముడి. నూలుతాడు తడిస్తే కొలత మారుతుంది కాబట్టి నైలానే.

కొలిచే సమయం ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 మధ్య. చోటు తూము గట్టు, లేదా నీళ్ల మీదికి వంగి చూడగలిగే గట్టి చోటు. ఒంటరిగా వెళ్లొద్దు, నీళ్లలోకి దిగొద్దు. మీ నీడ పడేవైపు పళ్లేన్ని దించండి, తళుకు అడ్డురాదు. పళ్లెం కనిపించకుండా పోయిన చోట ముళ్లు లెక్కపెట్టండి. ఇంకొంచెం దించి మెల్లగా పైకి లాగండి, మళ్లీ కనిపించిన చోట లెక్కపెట్టండి. రెండింటి సగటే మీ అంకె.

ఆ అంకె ఏం చెబుతుంది? వెలుతురు సుమారుగా దానికి రెండు, రెండున్నర రెట్ల లోతు వరకు మొక్కలకు పనికొచ్చేంతగా అందుతుంది. మీకు 40 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. ఒక మీటరు లోతు దాకా వెలుతురు ఉంది. చెరువు మూడు మీటర్ల లోతుంటే, కింది రెండు మీటర్లు చీకటి. పైనున్న మీటరులో ప్రాణవాయువు తయారవుతుంది, కింది రెండు మీటర్లలో ఖర్చే తప్ప రాబడి లేదు. చేపల చెరువు రైతులు 30, 40 సెంటీమీటర్ల దగ్గర నిలపాలని చూస్తారు, 20 కన్నా తగ్గితే వాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఊరి చెరువుకు కూడా 20ని హెచ్చరిక గీతగా పెట్టుకోండి. తొలకరి మట్టినీళ్లలో మాత్రం ఈ గీత పనికిరాదు.

ఒక్క రోజు కొలతకు విలువ తక్కువ. బతుకమ్మ వెళ్లిన వారం తర్వాత ఒకసారి, సంక్రాంతికి, శివరాత్రికి, ఉగాదికి, చెరువు అడుగంటే ముందు ఒకసారి కొలిచి రాసుకుంటే ఏడాది తిరిగేసరికి మీ చెరువు నడక మీ నోటుబుక్కులో ఉంటుంది. తేదీలు మర్చిపోయేవాళ్లం కూడా పండుగలు మర్చిపోం కదా.

నేను తప్పిన పరీక్ష

నేను పనిచేసిన ఒక ఊళ్లో శ్రావణమాసంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లారేసరికి చెరువు నిండా చచ్చిన చేపలు. బొచ్చెలు, రవ్వులు, రెండు మూడు కిలోలవి, పొట్టలు పైకి పెట్టి తేలాయి. చేపలు పట్టే సంఘంవాళ్ల ఏడుపు చూడలేకపోయాం. ఎగువన పత్తి చేను ఉన్న రైతు ముందురోజే మందు కొట్టాడని ఎవరో అన్నారు. ఊరంతా అతని మీద పడింది.

సైన్సు మాస్టారిని కదా, నన్ను పిలిచారు. బడి అయ్యాక వెళ్దామనుకుని మధ్యాహ్నం పన్నెండు దాటాక కిట్టు తీసుకెళ్లాను. అప్పటికి ముసురు విడిచి ఎండ కాస్తోంది. ఒడ్డున నీళ్లు పట్టి పరీక్షిస్తే ప్రాణవాయువు బాగానే చూపింది. "ఊపిరాడక చచ్చినవి కావు, విషమే అయ్యుండాలి" అన్నాను. ఆ ఒక్క మాటతో పంచాయితీ తేలిపోయింది. ఆ రైతు డబ్బు కట్టాడు.

నా తప్పు నాకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు మీకు విడమరిచి చెబుతాను.

పచ్చటి చెరువు పగలు ఊపిరి పోస్తుంది, రాత్రి పీల్చుకుంటుంది. ఎండలో పాచి ప్రాణవాయువును వదులుతుంది, మధ్యాహ్నం మూడు ప్రాంతంలో అది నీళ్లలో గరిష్ఠంగా ఉంటుంది. పొద్దుగూకాక తయారీ బంద్. కానీ పాచి, చేపలు, పురుగులు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ రాత్రంతా పీలుస్తూనే ఉంటాయి. తగ్గుతూ తగ్గుతూ సూర్యోదయానికి కాస్త ముందు అది అట్టడుగుకు చేరుతుంది. చెరువు ఎంత పచ్చగా ఉంటే ఈ ఊపు అంత పెద్దది. దానికి మూడు రోజుల మబ్బు తోడైతే పగటి రాబడి కూడా పడిపోతుంది. నాలుగో తెల్లవారుజాముకు ఖజానా ఖాళీ.

నేను వెళ్లింది పన్నెండింటికి. అప్పటికి ఎండ వచ్చి ఖజానా మళ్లీ నింపడం మొదలుపెట్టింది. దొంగతనం జరిగిన ఇంటికి దొంగ సొమ్ము తిరిగి పెట్టేశాక వెళ్లి, ఏం పోలేదే అన్నట్టుంది నా పరీక్ష.

ఆధారాలు కళ్లముందే ఉన్నాయి, చదవడం రాలేదు. చచ్చినవాటిలో పెద్ద చేపలే ఎక్కువ. ప్రాణవాయువు తగ్గితే ముందు పెద్దవి పోతాయి. విషమైతే చాలాసార్లు చిన్నవి ముందు పోతాయి. ఇంకా పెద్ద ఆధారం కొర్రమీను. ఒక్క కొర్రమీను కూడా చావలేదని సంఘంవాళ్లే ఆశ్చర్యపోయారు. కొర్రమీను నీళ్ల పైకి వచ్చి నేరుగా గాలి పీల్చగలదు. మార్పు చేప కూడా అంతే. నీళ్లలో మందు కలిస్తే అవి మాత్రం ఎలా బతికుంటాయి? గాలి పీల్చే చేపలు బతికి, నీళ్లలో ఊపిరి తీసుకునేవి చచ్చాయంటే లోపం నీళ్ల ఊపిరిలో ఉందన్నమాట. ఆ రైతుకు తర్వాత ఈ మాట చెప్పాను. "ఇప్పుడు చెప్పి ఏం లాభం సారూ" అన్నాడు, అంతే.

అందుకే నియమం: చెరువు ఊపిరి చూడాలంటే తెల్లవారకముందే వెళ్లాలి. ఐదున్నరకు కట్ట మీద ఉండండి. కిట్టు లేకపోయినా ఫర్వాలేదు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయా, చిన్న రొయ్యలు ఒడ్డున గుమిగూడాయా, నత్తలు నీళ్లు వదిలి రాళ్లు, తుంగ కాడలు ఎక్కి కూర్చున్నాయా చూడండి. చప్పుడు చేస్తే చేపలు మునిగిపోయి, మళ్లీ వెంటనే పైకొస్తే పరిస్థితి బాగా లేదని గుర్తు. ఆక్వా మందుల షాపుల్లో ప్రాణవాయువు కిట్టు దొరుకుతుంది, ఉంటే అదే రోజు తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి కొలవండి. లీటరుకు 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చేపలకు ఇబ్బందే.

సన్నగా పారే ఆ గీత

ఇప్పుడు పటంలోని రెండో రకం గీత దగ్గరికి వద్దాం. పాచికి అంత బలం ఎక్కడిది?

1973లో కెనడాలోని ఆంటారియో అడవుల్లో డేవిడ్ షిండ్లర్ బృందం ఒక సరస్సును నడుమ తెర కట్టి రెండు ముక్కలు చేసింది. ఆ సరస్సుకు పేరు కూడా లేదు, 226 అనే నంబరే. రెండు వైపులా కార్బన్, నత్రజని వేశారు. ఒకవైపు మాత్రం భాస్వరం (ఫాస్ఫరస్) కూడా కలిపారు. కలిపిన వైపు చిక్కటి పచ్చగా మారింది, రెండోవైపు మామూలుగానే ఉంది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో తర్వాత బట్టల సబ్బుల్లో ఫాస్ఫేట్ ఉండాలా వద్దా అన్న వాదన చాలావరకు ముగిసింది.

ఆ భాస్వరమే మన ఇళ్ల మురుగులో వస్తుంది. మలమూత్రాల్లో ఉంటుంది, కొన్ని సబ్బుపొడుల్లో ఉంటుంది, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువులో ఉంటుంది. ఒక గ్రాము భాస్వరం సుమారు 100 గ్రాముల ఎండు పాచిని పెంచగలదు. ఆ పాచి చచ్చి పూర్తిగా కుళ్లడానికి 140 గ్రాముల దాకా ప్రాణవాయువు కావాలి. 30 డిగ్రీల వెచ్చదనం ఉన్న నీళ్లలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ కరగదు. భాగించి చూడండి: 18,000 లీటర్ల పైమాటే. 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు దాదాపు నాలుగు! ఒక మనిషి ఒక రోజులో విసర్జించే భాస్వరం ఒకటి, ఒకటిన్నర గ్రాములు. నిజానికి గాలి నుంచి కొంత ప్రాణవాయువు మళ్లీ కరుగుతూ ఉంటుంది, పాచి అంతా ఒకేరోజు చావదు, కాబట్టి లెక్క ఇంత కఠినంగా నడవదు. కానీ ఆ సన్నటి కాలువ వెనక ఎన్ని ఇళ్లున్నాయో మీకు తెలుసు.

పూర్వం కూడా చెరువులోకి భాస్వరం వచ్చేది. పొలాల మట్టితో, పేడతో, ఆకులతో. తేడా ఏమిటంటే అది తిరిగి వెళ్లేది కూడా. ఎండాకాలం బండ్లు కట్టి పూడిక మట్టి తోలుకెళ్లి చేలల్లో చల్లేవాళ్లు. చెరువులో ఒక పొర తగ్గేది, చేనుకు ఎరువు అయ్యేది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తోలించినప్పుడు నాకు నచ్చింది అదే. రావడం ఎప్పుడూ ఉంది, పోవడం ఆగింది. పైగా రావడం బాగా పెరిగింది.

గుర్రపుడెక్క కూడా ఇదే కోవలోది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క. తిండి దొరికితే రెండు వారాల్లో రెండింతలవుతుంది. అది రోగం కాదు, రోగి ఒంటి మీద పొక్కు. తీయించి ఒడ్డునే కుప్ప వేస్తే వానకు కుళ్లి, అందులోని భాస్వరమంతా మళ్లీ చెరువులోకే. తీసింది కట్ట దాటించి, ఎండబెట్టి, పేడతో కలిపి ఎరువు చేస్తేనే తీసినట్టు.

ఇప్పుడే ఏదో ఒకటి చేయాలనిపిస్తే

ఆగండి. పచ్చ నీళ్లు చూడగానే ఎవరో ఒకరు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లుదామంటారు. చల్లితే పాచి చస్తుంది, నిజమే. ఒక్కసారిగా చచ్చిన పాచి ఒక్కసారిగా కుళ్లుతుంది, పైన చేసిన భాగహారం ఆ వారమే జరిగిపోతుంది. నీళ్లు తేరుకున్నాయని సంబరపడిన మూడో రోజు చేపలు తేలతాయి. రాగి అడుగు బురదలో ఉండిపోతుంది కూడా. నా ఉద్దేశంలో ఊరి చెరువులో మైలుతుత్తానికి చోటు లేదు.

పని చేయాల్సింది నీళ్లలో కాదు, నీళ్లు వచ్చే దారిలో. మురుగు కాలువ చెరువును తాకేచోటికి ముందు కాస్త వెడల్పు చేసి, అక్కడ జమ్ము, తుంగ పెరగనిస్తే నీళ్లు నిదానించి మడ్డి దిగుతుంది. ఏడాదికోసారి ఆ జమ్ము కోసి, మడ్డి తీసి బయటికి తోలాలి, లేకపోతే రెండో ఏడు అదే కాలుష్యపు గుంట. దీన్ని ఎంత పొడవు, ఎంత లోతు తవ్వాలన్నది ఐదో పాఠంలో లెక్కలతో చూద్దాం. ఇంట్లో ఫాస్ఫేట్ లేని సబ్బుపొడి కొనడం, సెప్టిక్ ట్యాంకు నుంచి తోడిన బండి ఎక్కడ ఖాళీ చేస్తున్నాడో అడగడం ఈలోపు ఎవరైనా చేయగలిగినవి. రెండోది అడిగితే గొడవవుతుంది, అయినా అడగండి. చెరువు మీద అలిగినవాడి సామెత మీకు తెలిసిందే, మన ఊళ్లు మాత్రం చెరువుతో పని తీరిందనుకుని అలగకుండానే వదిలేశాయి.

ఈసారి పని

పళ్లెం తయారు చేసి రెండు చోట్ల కొలవండి: మురుగు కాలువ కలిసే వైపు, తూము దగ్గర. రెండు అంకెల తేడా రాయండి. తర్వాత ఏదైనా ఒక రోజు ఐదున్నరకు, అదే రోజు మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చేపలు, నత్తలు, వాసన, రంగు ఏం కనిపిస్తే అది రెండు వరుసల్లో రాయండి. మబ్బు పట్టిన రోజుల తర్వాత తెల్లవారుజాము దొరికితే వదలకండి. అడుగు బురద కొంచెం పుల్లతో కదిపి చూడండి. కుళ్లిన గుడ్ల వాసన వేసి, బురద నల్లగా ఉంటే "అడుగున ఊపిరి లేదు" అని రాయండి.

ఆ నల్ల బురదలో ఎర్రటి సన్న పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తే పారేయకండి, సీసాలో కొంచెం నీళ్లతో తెచ్చుకోండి. వాటి ఒంట్లో మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే అంత ఎరుపు, అందుకే అక్కడ బతుకుతున్నాయి. నాలుగో పాఠం వాటితో మొదలుపెడతాం.